మృతుని రక్తము, సాక్ష్యము

మద్యము సేవించి వాహనము నడుపువాడు దండనార్హుడు. అందు మాకు సందేహము లేదు. 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాములకు మించి మద్యసారమున్నచో నేరమని మోటారు వాహనముల చట్టము నిర్ణయించినది. 2019 నాటి సవరణచే ప్రయోగశాల పరీక్షకును అందు చోటు కలిగినది. బ్రతికియున్నవాడు ఆ యంకెను న్యాయస్థానమున ప్రశ్నింపగలడు. ప్రమాదమున మరణించినవాని గతి యేమి?

శవము క్రుళ్లునపుడు సూక్ష్మజీవులు రక్తమందలి చక్కెరను పులియజేసి మద్యసారమును పుట్టించును. ఎండకాలమున శవపరీక్ష ఆలస్యమైనచో, చుక్కయైన ముట్టనివాని రక్తమునందును చట్టపు హద్దును మించిన మద్యసారము కనబడవచ్చును. గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రము ఎంత సూక్ష్మముగ కొలిచినను, అది త్రాగుటచే వచ్చినదో క్రుళ్లుటచే పుట్టినదో చెప్పజాలదు. అంకె సత్యమే కావచ్చును. దానినుండి మనము తీయు నిర్ణయము అసత్యము కావచ్చును.

ఈ చిక్కు విడదీయు సాధనము శాస్త్రజ్ఞుల చేత నున్నది. త్రాగిన మద్యసారములో నూటికి 90 పాళ్లకు పైగా శరీరమున, ముఖ్యముగా కాలేయమున, అసిటాల్డిహైడుగను పిమ్మట అసిటేటుగను మారిపోవును. అత్యల్పభాగము ఇథైల్ గ్లూకురొనైడు, ఇథైల్ సల్ఫేటు అను పదార్థములుగా పరిణమించును. ఈ రెండును సజీవ దేహము చేయునవి. క్రుళ్లుటచే సాధారణముగ పుట్టవు. మొదటిదానిని సూక్ష్మజీవులు నశింపజేయవచ్చును గనుక రెండవదానిని గూడ కొలువవలెను. రెండును కానవచ్చినచో త్రాగినమాట స్థిరపడును. మద్యసారముండియు ఇవి లేకున్నచో ఆ యభియోగమునకు ఆధారము సడలును.

ఇది పండితుల వినోదచర్చ కాదు. మత్తులో మరణించినవానికి సొమ్ము చెల్లింపమను నియమము ప్రమాద బీమా పత్రములలో సాధారణము. ఒక్క అంకెచే వితంతువు నోటికాడి కూడు పోవును; బిడ్డలకు త్రాగుబోతు సంతానమను అపకీర్తి మిగులును.

కావున మేము కోరునది స్వల్పము. శవపరీక్షలో రక్తమును తొడ సిరనుండి గ్రహింపవలెను. సోడియం ఫ్లోరైడు కలిపి, ముద్రవేసి, చల్లని తావున నుంచి, జాగు లేక పంపవలెను. త్వరగా క్రుళ్లని కంటి ద్రవమును గూడ పరీక్షింపవలెను. సందేహము గల యెల్ల తావుల పై రెండు పదార్థములను కొలువవలెను. తగిన యంత్రములను, సిబ్బందిని సమకూర్చుట ప్రభుత్వముల విధి.

దోషి తప్పించుకొనుట మాకు సమ్మతము కాదు. కాని తన తరపున వాదించుకొన నోరులేనివానిపై నింద మోపునపుడు, బ్రతికినవాని విషయమునకంటె నెక్కువ జాగ్రత్త వహించుటయే ధర్మము.