మడకు నీరు, ఊరికి హక్కు

గోదావరి డెల్టాలో మడ అడవుల పునరుద్ధరణను నాటిన మొక్కల లెక్కతో కొలవడం పరిపాటి అయింది. 2023లో కేంద్రం మడ అడవుల పెంపకానికి ‘మిష్టి’ పథకం ప్రకటించాక ఆ లెక్కలే వార్తలవుతున్నాయి. పరిశోధన తేల్చింది వేరు. అడవి చచ్చిన చోట ముందుగా కరువైనవి నీటి రాకపోకలు.

వంటచెరకు కొట్టడం, పశువులను మేపడం వల్లే మడ నశించిందని చాలాకాలం నింద ఊళ్ల మీదే పడింది. 1990లలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ తమిళనాడులోని పిచ్చావరంలో అసలు కారణం చూపింది. అటవీ శాఖ వంతులవారీగా మొత్తం నరికించిన చోట నేల ఎండి కుంగింది. పోటుకు వచ్చిన నీరు పాటుకు తిరిగిపోక నిలిచి, ఆవిరై, ఉప్పు పేరుకుంది. విరుగుడు కూడా అక్కడే దొరికింది. ఏటిపాయ నుంచి పెద్ద కాలువ తీసి, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వుతారు. పైనుంచి చూస్తే చేప వెన్నుముల్లు ఆకారం. తెల్లమడ మొక్కను కాలువ వాలు మధ్యలో పెడతారు. అడుగున పెడితే మునిగి చస్తుంది, గట్టున పెడితే ఉప్పుకు మాడిపోతుంది. 1990ల చివర ఈ పద్ధతి గోదావరి, కృష్ణా మడలకూ వచ్చింది.

కాలువ పూడుకుంటూనే ఉంటుంది. పూడిక తీయవలసింది ఊరివాళ్లు. అడవిపై హక్కు ఉంటేనే వాళ్లు ఆ శ్రమకు పూనుకుంటారు. అందుకే మడ పునరుద్ధరణ చివరికి చట్టం దగ్గర తేలవలసిన విషయం. కందికుప్ప, బలుసుతిప్ప వైపు రిజర్వు అడవుల్లో, ఊరివాళ్లతో అటవీ శాఖ ఏర్పరచిన వన సంరక్షణ సమితులకు ఫలసాయంలో వాటా ఉంటుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగలో అది కుదరదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ అటవీ ఉత్పత్తుల తరలింపును కట్టడి చేస్తుంది. ఒకే డెల్టా మడకు రెండు నియమాలు. పైగా ఆ సమితులు పుట్టింది 1990 నాటి కేంద్ర సర్క్యులర్, 1992 నాటి రాష్ట్ర ఉత్తర్వుల మీద. ఉత్తర్వు ఇచ్చినవారు దాన్ని మార్చనూగలరు.

ఈ రెండు చిక్కులకూ జవాబు 2006 అటవీ హక్కుల చట్టంలో ఉంది. అది అభయారణ్యాన్నీ అటవీ భూమిగానే నిర్వచించింది. సెక్షన్ 3(1)(డి) చేపలు, ఇతర జల ఉత్పత్తులపై సామూహిక హక్కును, 3(1)(ఐ) అడవిని కాపాడి పునరుద్ధరించే హక్కును గుర్తించాయి. షెడ్యూల్డ్ తెగలకు చెందని మత్స్యకారులు 75 ఏళ్ల నివాసం రుజువు చేయాలన్న షరతును అడ్డంకిగా చూపుతారు. తరతరాలుగా ఏటిమొగల్లో వేట సాగిస్తున్న పల్లెలకు అది అసాధ్యమేమీ కాదు. ఈ చట్టం ఏజెన్సీ కొండలకే అన్న మాట చట్టంలో ఎక్కడా లేదు.

చట్టం ఊరికి చోటిస్తే ఏమవుతుందో కెన్యాలో చూడవచ్చు. అక్కడి గాజీ అఖాతంలో సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల అండతో ‘మికోకో పమోజా’ అనే మడ సంరక్షణ పథకం 2013 నుంచి నడుస్తోంది. 117 హెక్టార్ల మడను కాపాడి, కార్బన్ క్రెడిట్లు అమ్మగా వచ్చిన సొమ్మును ఊరి తాగునీటికి, బడికి ఖర్చు చేస్తున్నారు. మొదట్లో దానికి వెన్నుదన్నుగా నిలిచింది 2005 నాటి అటవీ చట్టం. అడవి నిర్వహణలో ఊరి సంఘాలకు ఆ చట్టమే చోటిచ్చింది. శాస్త్రంలో గోదావరి డెల్టా గాజీకి తీసిపోలేదు. ఇక్కడ జరగవలసింది డెల్టాలోని కాట్రేనికోన తీరంలో గ్రామసభలు పెట్టి, సామూహిక హక్కుల దరఖాస్తులు స్వీకరించడం.