వయసెవరికి వచ్చింది?

ఆడవాళ్ల వయసు అడగకూడదంటారు. అడిగే అవసరం లేకుండానే మా వారు నా వయసు పదిమందిలో ప్రకటించేస్తూ వుంటారు. నడుం పట్టేసిందంటే వయసు, చత్వారం వచ్చిందంటే వయసు, ఆఖరికి కారు కుదుపుతోందన్నా నా వయసే కారణం! ఆ అభియోగం నుంచి నేను నిర్దోషిగా ఎలా బయటపడ్డానో ఈ వారం మనవి చేసుకుంటాను. కారున్నవాళ్లకు ఇప్పుడే పనికి వస్తుంది, లేనివాళ్లకు కొనుక్కున్నాక పనికి వస్తుంది.

మా కారు 2016లో కొన్నాం. బందరులో మాకు కారుతో ఏం పని? బజారు నడిచి వెళ్లే దూరమే. పెళ్లిళ్లకీ, పేరంటాలకీ, ఎప్పుడైనా బెజవాడకీ తీసేవాళ్లం. 2020లో కరోనా వచ్చాక నెలల తరబడి వేపచెట్టు కింద ముసుగు తన్ని పడుకుంది. 2024 వచ్చేసరికి అది తిరిగింది మొత్తం మీద 22 వేల కిలోమీటర్లు. టైర్ల మీద గాళ్లు చూస్తే నిన్న కొన్నట్టుండేవి. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ అవి చూపించి, "వాడుకోవడం తెలియాలండీ!" అని మా వారు మురిసిపోయేవారు.

ఆ యేడే మా అమ్మాయిని బెజవాడ నుంచి పురిటికి తీసుకురావలసి వచ్చింది. దూరం 70 కిలోమీటర్లే. డాక్టరమ్మ ప్రయాణానికి సరేనంటూనే, "కుదుపులు లేకుండా నెమ్మదిగా తీసుకువెళ్లండి" అని మరీ మరీ చెప్పిందట. నా గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే, అంతకు పదిహేను రోజుల ముందే మేం సీమంతానికి వెళ్లివచ్చాం. దారి పొడుగునా నా ఒళ్లో చలిమిడి డబ్బా తాళం వేస్తూనే వుంది. వంతెన మీద అతుకు వస్తే చాలు, దెబ్బ తిన్నగా నా నడుముకే తగిలింది.

"రోడ్డు బాగాలేదు" అన్నారు మా వారు.

"రోడ్డు అద్దంలా వుంది కదండీ!" అన్నాను.

"అయితే నీకు వయసు వచ్చింది" అని తీర్పు చెప్పేశారు.

నా మాట ఎలా వున్నా, నిండుచూలాలిని ఆ బండిలో ఎక్కించడం ఎలా? నేను పోరు పెడితే మరమ్మతుకు తీసుకువెళ్లారు. అక్కడ షాక్ అబ్జార్బర్లు పోయాయన్నారు. ముందువి రెండూ మార్పించాం. బిల్లు చూశాక మా వారి నడుముకూ నొప్పి వచ్చింది గాని, కారులో కుదుపు మాత్రం పోలేదు. అప్పుడు ఆయన సొంత వైద్యం మొదలుపెట్టారు. 33 పౌండ్లుండవలసిన గాలిని 25కి దించేశారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, బండి కాస్త మెత్తగానే వెళ్లింది. కాని మలుపుల్లో ఒరిగి, ఆసరా కోసం తడుముకునే ముసలమ్మలా నడిచింది. నాకు నమ్మకం కుదరక, మా వీధి చివర పంక్చరు కొట్టు దగ్గర ఆపించాను.

కొట్టు సాయిబుగారికి డెబ్భై యేళ్లుంటాయి. గాలి కొలిచి చూసి ఉలిక్కిపడ్డారు.

"ఎంత పని చేశారు బాబుగారూ! గాలి తగ్గితే మెత్తగానే వుంటుంది. కాని తిరిగినంతసేపూ టైరు పక్కలు మడతపడుతూ వుంటాయి. ఆ మడతకి వేడి పుడుతుంది. ఎండా, నిండు బండీ, దూరాభారం కలిసినప్పుడు పేలిందంటే ఎవరిది పూచీ?"

తర్వాత బొటనవేలి గోటితో గాడిని నొక్కి చూశారు. గోరు దిగలేదు. టైరు పక్కన చెయ్యి పెట్టి చూపించారు. ఎండిన చెరువులో బురదలా సన్నని నెర్రెలు. ఆ పక్కనే నాలుగంకెలు: 1116.

"ఇది టైరు జాతకం, అమ్మగారూ. 2016లో పదకొండో వారంలో పుట్టింది. ఎనిమిదేళ్లు దాటింది. గాళ్లు చూసి టైరు వయసు చెప్పడం, జుట్టు నలుపు చూసి మనిషి వయసు చెప్పడం లాంటిది!"

మా వారి చెయ్యి అప్రయత్నంగా తన జుట్టు మీదికి పోయింది. రంగు వేసి అప్పటికి నాలుగు రోజులే అయింది లెండి.

ఇంటికి వచ్చి నాలుగు పుస్తకాలు తిరగేశాను. గాలి టైరు పుట్టిందే సుఖం కోసమట! బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువుల డాక్టరు వుండేవాడు. రాతి బాటల మీద గట్టి రబ్బరు చక్రాల సైకిలు తొక్కి కొడుకు ఒళ్లు హూనం చేసుకుంటున్నాడని, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందే 1845లో థామ్సన్ అనే ఆయన ఇటువంటి దానికే పేటెంటు పొందినా, వాడకంలోకి వచ్చింది మాత్రం డన్‌లప్ చక్రమే. బిడ్డ ఒళ్లు నొప్పి చూడలేని తండ్రి ప్రాణం అందులో వుందన్నమాట.

పెద్ద గోతుల సంగతి స్ప్రింగులు చూసుకుంటాయి. చిన్న గులకరాయి, రోడ్డు అతుకు వంటివాటిని ముందుగా మింగవలసింది టైరే. రబ్బరు బిగుసుకుపోతే అది మింగదు, మన నడుముకు అప్పజెబుతుంది. మరి బిగుసుకోవడం ఎందుకు? రబ్బరులో పొడుగాటి దారాల వంటివి వుంటాయి. గంధకం కలిపి వేడి చేస్తే వాటి మధ్య ముళ్లు పడతాయి. 1839లో గుడ్‌ఇయర్ కనిపెట్టిన కిటుకు అది. ఆ ముళ్లవల్లే రబ్బరుకు సాగి, మళ్లీ యథాస్థానానికి వచ్చే గుణం కలుగుతుంది. కాని గాలిలోని ఆక్సిజనూ, వేడీ కలిసి సంవత్సరాల తరబడి కొత్త ముళ్లు వేస్తూనే వుంటాయి. తాజా చలిమిడి వేలు పెడితే దిగుతుంది, వారం పోతే రాయి. ఎవరూ తినలేదు గదా అంటే మెత్తగా వుంటుందా? పైగా పగుళ్లు రాకుండా టైరులో కలిపిన మైనం వంటి పదార్థాలు, అది తిరుగుతూ నలుగుతుంటేనే పైకి వచ్చి కాపాడతాయి. చెట్టు కింద కూర్చున్న టైరుకు ఆ భాగ్యం లేదు. మనం గౌరవంగా దాచుకున్నదే మనల్ని ముంచుతుందన్నమాట!

అరుగుదల బాధలు వేరు. గాలి ఎక్కువైతే నడిమి భాగం, తక్కువైతే రెండంచులూ అరుగుతాయి. చక్రాల వరస తప్పితే ఒక పక్కే అరుగుతుంది. షాక్ అబ్జార్బర్లు నిజంగా పోతే టైరు అలలు అలలుగా అరిగి, తుమ్మెదలా రొద పెడుతుంది. వేగం పెరిగేకొద్దీ స్టీరింగు వణికితే బ్యాలెన్సింగు చూపించాలి. వారాల తరబడి కదలని బండి మొదటి నాలుగు కిలోమీటర్లూ టపటపలాడితే కంగారుపడకండి, అడుగున నొక్కుకుపోయిన చోటు వేడెక్కాక సర్దుకుంటుంది. ఎంతకీ సర్దుకోకపోతే చూపించండి. గాళ్లలో అడ్డంగా చిన్న గట్లుంటాయి. రబ్బరు అరిగి వాటితో సమమైతే, అంటే లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే, ఇక ఆ టైరుకు సెలవే. వానలో అది రోడ్డును పట్టుకోలేదు.

కనుక సోదరీమణులారా, నెలకొకసారి చల్లని టైర్లలో గాలి చూపించండి. ఎంత వుండాలో డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీద రాసి వుంటుంది. అయిదేళ్లు దాటిన టైరును యేటా తెలిసినవాళ్లకు చూపించండి. కొందరు కార్ల తయారీదారులు ఆరేళ్లకే మార్చమంటారు, కొన్ని టైర్ల కంపెనీలు ఎంత బాగున్నా పదేళ్లు మించవద్దంటాయి. వెనక డిక్కీలో దాక్కున్న స్టెప్నీ వయసు కూడా అడగండి, అది ఆడదేమీ కాదు. కొత్త టైరు కొనేటప్పుడు ఆ నాలుగంకెలూ చదివి మరీ కొనండి.

మేం నాలుగు టైర్లూ, స్టెప్నీతో సహా మార్చాం. అమ్మాయిని తీసుకువచ్చే రోజున నేను పక్కనే కూర్చుని, వంతెన వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టాను. ఆ అవసరమే రాలేదు. కంకిపాడు దాటకముందే పిల్ల నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. పామర్రు వచ్చినా లేవలేదు. డాక్టరమ్మ మాట దక్కింది.

ఇంటి ముందు బండి ఆపి మా వారు వెనక్కి తిరిగి, "ఏమోయ్, నీ నడుం ఎలా వుంది?" అన్నారు.

"దివ్యంగా వుందండీ! నా వయసంతా సాయిబుగారి కొట్లో విప్పించి పడేశారుగా!" అన్నాను.