రబ్బరుకి నూరు పౌండ్లా?

"పదివేల పైచిలుకా! ఆ డబ్బు పెడితే తెనాల్లో కొత్త సైకిలే వస్తుంది కదే అమ్మాయ్, బెల్లూ స్టాండుతో సహా!"

ఇది మా అత్తగారి మాట. మా వారు సైకిలుకి రెండు టైర్లు కొన్నారనీ, జత నూరు పౌండ్లనీ వీడియో కాల్‌లో నేనే నోరు జారాను. అప్పుడు ఆయన నావైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. నిజానికి ఆవిడ అన్నదే నా మనసులోనూ ఉంది. పైకి అనలేదంతే.

మేముండేది ఇంగ్లండులో ఒక చిన్న ఊళ్ళో. ఆయన ఆఫీసు 14 కిలోమీటర్ల దూరం. ఒక్క జీతం మీద నడిచే ఇల్లు కాబట్టి రెండేళ్ళ కిందట రెండో కారు అమ్మేశాం. షుగరు గీత దాటబోతోందని ఆయనకి డాక్టరు చెప్పిందీ ఆ ఏడాదే. అలా ఒక రోడ్ బైక్ ఇంట్లోకి వచ్చింది. ఇక్కడ బైకంటే సైకిలేనని మీకు తెలుసు కదా. కాబట్టి ఆ సైకిలు మాకు ఆదివారపు సరదా కాదు. అది కారు బదులు, కొంతవరకు మందు బిళ్ళ బదులు కూడా.

కొత్త టైర్లు వేసిన రోజు సాయంత్రం ఆయన గుమ్మంలోకి వస్తూనే "ఎగిరొచ్చినట్టుందోయ్!" అన్నారు. నాకు అనుమానం. నూరు పౌండ్లు పోసినవాళ్ళకి ఎగిరినట్టు అనిపించకపోతే ఎలా? పట్టుచీర కట్టుకున్న రోజు మనం కాస్త పొడుగైనట్టు అనిపించదూ, అలాగ.

"పాత టైర్లలో గాలి ఎప్పుడు కొట్టారు?" అని అడిగాను.

కాసేపు ఆలోచించి, "మూడు వారాలైందేమో" అన్నారు.

అదీ సంగతి! డిగ్రీలో మా ఫిజిక్స్ ల్యాబులో నేర్పిన మొదటి పాఠం, ఒకేసారి రెండు విషయాలు మార్చకూడదని. ఈయన టైర్లు మార్చారు, గాలి కూడా మార్చారు. ఎగిరిన ఘనత దేనిదో ఎలా తెలుస్తుంది? వచ్చే ఆదివారం పొద్దున్నే తేల్చేద్దామన్నాను. పాత టైర్లు మళ్ళీ ఎక్కించాలంటే ఆయన గొణిగారు గానీ, "నేను సున్నం గీతలు గీస్తా" అంటూ మా చిన్నవాడు చాక్‌పీసు పట్టుకుని తయారైపోయాడు.

మా వీధి చివర కాలువ మీద ఒక వంతెన ఉంది. దాని మీంచి రోడ్డు కొంచెం దిగి, తర్వాత తిన్నగా సమంగా పోతుంది. ఆదివారం ఆరు గంటలకి అక్కడ కార్లు ఉండవు, ఆ రోజు గాలి కూడా లేదు. నియమాలు మూడే. వంతెన మీద ఒకే గీత దగ్గర్నించి బయల్దేరాలి. పెడల్ అస్సలు తొక్కకూడదు. అదే జాకెట్, చేతులు హ్యాండిల్ మీద అదే చోట. సైకిలు ఆగి, కాలు నేల మీద పడ్డ చోట మావాడు గీత గీస్తాడు, నేను అంగలతో కొలుస్తాను. ఒక్కో రకానికి మూడేసి సార్లు.

కొత్త టైర్లు, 85 పీఎస్ఐ గాలితో సగటున 243 అంగలు వచ్చాయి. పాత టైర్లు మళ్ళీ వేసి, అదే 85 కొడితే 181. వాటినే 50కి దించి, అంటే మూడు వారాలు పట్టించుకోకపోతే ఉండే స్థితిలో, 152.

మా వారు గెలిచారు. నా అనుమానమూ పూర్తిగా ఓడలేదు. 152 నుంచి 243 దాకా ఉన్న 91 అంగల తేడాలో మూడో వంతు పంపుది. దానికి పైసా ఖర్చు లేదు. మిగిలిన రెండు వంతులు మాత్రం నిజంగా టైరుదే.

ఇంటికొచ్చి చదువుతుంటే తెలిసింది, ఈ పరీక్షకి నూట ముప్పై ఏళ్ళ పైబడ్డ చరిత్ర ఉందని. జాన్ బాయిడ్ డన్‌లప్ అనే స్కాట్లండు ఆయన బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరుగా ఉండేవాడు. 1887లో తన కొడుకు మూడు చక్రాల బండి కోసం ఒక చెక్క చక్రానికి రబ్బరు గొట్టం చుట్టి, గాలి నింపాడు. బండికున్న పాత చక్రాన్నీ, ఈ గాలి చక్రాన్నీ పెరట్లో దొర్లించి చూశాడట. పాతది కొంత దూరం పోయి పడిపోయింది. గాలిది పెరడంతా దాటి గేటు స్తంభానికి తగిలి వెనక్కి గెంతింది. 1888లో పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడాది బెల్‌ఫాస్ట్ పందేల్లో విలీ హ్యూమ్ అనే ఆయన ఆ టైర్లతో గెలిచేసరికి నవ్వినవాళ్ళందరూ నోరు మూసుకున్నారు. ఆయన పెరట్లో చేసింది మేం వీధిలో చేశాం, అంతే. తర్వాత రాబర్ట్ థామ్సన్ అనే మరో స్కాట్లండు ఆయన 1840ల్లోనే ఇలాంటి ఆలోచనకి పేటెంటు తీసుకున్నట్టు బయటపడి, డన్‌లప్ పేటెంటు నిలవలేదు. అయినా మనకి గుర్తున్న పేరు డన్‌లపే.

ఇంతకీ రెండూ నల్ల రబ్బరే కదా, తేడా ఎక్కణ్ణించి వస్తుంది?

ఒక రబ్బరు బంతిని నడుం ఎత్తునించి వదలండి. అది తిరిగి నడుం దాకా రాదు. నేలకి తగిలి నలిగినప్పుడు తీసుకున్న శక్తిలో కొంత తిరిగి ఇవ్వకుండా వేడిగా పోగొట్టేస్తుంది. టైరూ అంతే. రోడ్డుకి ఆనిన చోట నలుగుతుంది, పైకి లేవగానే మళ్ళీ సర్దుకుంటుంది. చక్రం తిరిగినన్నాళ్ళూ ఇదే పని. మందంగా, మొద్దుగా ఉన్న టైరు నలిగినప్పుడల్లా ఎక్కువ శక్తి మింగుతుంది. పల్చగా, మెత్తగా వంగేది తక్కువ మింగుతుంది. గాలి తక్కువైతే ఎక్కువగా నలుగుతుంది కాబట్టి ఇంకా మింగుతుంది. మనం తొక్కిన తొక్కుడులో కొంత అలా రబ్బరు వేడెక్కడానికే పోతుందన్నమాట.

ఖరీదైన టైరులో డబ్బు రెండిటికి పోతుంది. ఒకటి రబ్బరు పాకం, తక్కువ శక్తి మింగేలా, అయినా తడి రోడ్డు మీద జారకుండా కలిపింది. రెండోది లోపలి బట్ట. రబ్బరు కింద నైలాను దారాలుంటాయి. గోనె సంచికీ వెంకటగిరి చీరకీ ఉన్న తేడా గుర్తు తెచ్చుకోండి. దారం సన్నమైన కొద్దీ బట్ట పల్చగా, ఒడుపుగా ఉంటుంది. టైరు మీద టీపీఐ అని రాసేది అదే, అంగుళానికి ఎన్ని దారాలని. ఇక్కడ చిన్న మెలిక ఉంది. కాంటినెంటల్ గ్రాండ్ ప్రీ 5000 మీద 330 అని ఉంటే బెదిరిపోకండి. అది మూడు పొరల మొత్తం, పొరకి 110.

ఇప్పుడు అసలు లెక్క. మూడో వంతు ఎక్కువ దూరం దొర్లింది కదాని ఆఫీసుకి మూడో వంతు ముందు చేరతామనుకుంటే పొరపాటు. వేగం పెరిగే కొద్దీ టైరు కన్నా ఎదురు గాలే పెద్ద శత్రువు. నేను కాగితం మీద వేసిన లెక్క ఇది. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు, సమమైన రోడ్డు, గంటకి 25 కిలోమీటర్ల వేగం. గాలిని చీల్చడానికి సుమారు 70 వాట్లు కావాలి. మామూలు టైర్లకి 38 వాట్లు పోతే మంచి టైర్లకి 22 పోతాయి. మిగిలిన 16 వాట్లతో వేగం 25 నించి 26.6కి పెరుగుతుంది. 40 కిలోమీటర్ల దూరంలో ఆరు నిమిషాలు కలిసొస్తాయి.

అదే గంటకి 18 కిలోమీటర్ల చొప్పున నిదానంగా వెళ్ళేవాళ్ళకైతే గాలీ టైరూ చెరి సగం అడ్డుపడతాయి. వాళ్ళ వేగం 20కి పెరుగుతుంది. 40 కిలోమీటర్లకి 13 నిమిషాలు మిగులుతాయి. పందెగాళ్ళ కోసం చేసిన టైరు నాలాంటి నిదానస్థులకే ఎక్కువ నిమిషాలు మిగులుస్తుందన్నమాట! ఈ లెక్క రెండుసార్లు సరిచూసుకున్నాను, నాకే నమ్మకం కలగక. సైకిలు బరువు ఓ పావుకిలో తగ్గించుకోవడానికి వందలు పోసేవాళ్ళున్నారు. సమమైన రోడ్డు మీద దానివల్ల తెలిసేంత తేడా ఉండదు. టైరు తేడా మాత్రం కాలికి తెలుస్తుంది.

అక్టోబరు దాకా మా ఇంట్లో అందరూ సంతోషమే. మా వారి సైకిలు పోక మానలేదు, అత్తగారికి లెక్క అప్పజెప్పాను, ఆవిడ "ఏమోనే" అని ఊరుకున్నారు.

నవంబరు వచ్చింది. ఇక్కడ ఆ నెలలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. పొలాల గట్ల మీద హాథార్న్, బ్లాక్‌థార్న్ కంచెలుంటాయి. పక్షుల గూళ్ళ కాలం అయిపోయాక రైతులు వాటిని కత్తిరిస్తారు. ఆ ముళ్ళన్నీ రోడ్డు అంచున, సరిగ్గా సైకిలు వెళ్ళే చోటే పడతాయి. వానకి చెకుముకి రాళ్ళు కూడా కొట్టుకొస్తాయి. తడి టైరుకి ముల్లు ఇట్టే దిగుతుంది.

ఒక మంగళవారం ఆయన ఆరుంపావుకి రావాలి. ఏడు దాటింది. ఫోన్ ఎత్తరు. వాన. చిన్నవాడు కిటికీ దగ్గర్నించి కదలడు. కారు నా దగ్గరే ఉంది గానీ పిల్లల్ని వేసుకుని చీకట్లో ఏ దారిన వెతకను? ఆయన రెండు దారుల్లో ఏది తోస్తే అది పడతారు. ఆ గంటలో నేను ఎన్ని విధాల ఆలోచించానో చెప్పను, ఇలా ఎదురుచూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏడున్నరకి గేటు చప్పుడైంది. వేళ్ళు కొంకర్లు పోయి టైరు రిమ్ములోంచి ఊడి రాలేదట. ఊడదీసి కొత్త ట్యూబు వేసి రెండు కిలోమీటర్లు వచ్చేసరికి రెండో ముల్లు. మిగిలిన దూరం నడిపించుకొచ్చారు. ఫోన్ వానలో బ్యాగు అడుగున ఉండిపోయింది. రెండు వారాల్లో అలా మొత్తం మూడు ముళ్ళు దిగాయి.

దీన్లో టైరు తప్పేం లేదు. పల్చగా ఉండడమే దాని గొప్ప, పల్చగా ఉండడమే దాని లోపం. రెండూ ఒకే చోటినించి వస్తాయి. అన్నీ ఒకే టైరులో ఎవరూ అమ్మలేరు. ఉదాహరణకి ష్వాల్బె మారథాన్ ప్లస్ లాంటి టైర్లలో ట్రెడ్ కింద ఐదు మిల్లీమీటర్ల మందాన మెత్తటి రబ్బరు పొర ఉంటుంది. డ్రాయింగ్ పిన్ను గుచ్చినా ట్యూబుని అందుకోలేదు. కానీ ఒక్కోటి అరకిలో పైన తూగుతుంది. పందెపు టైరు పావుకిలో కూడా ఉండదు.

మళ్ళీ కాగితం తీశాను. మంచి టైర్లతో 14 కిలోమీటర్లకి మిగిలేది రెండు నిమిషాలు. రాకపోకలకి నాలుగు. నెలకి ఇరవై రోజులు ఆఫీసనుకుంటే 80 నిమిషాలు. ఎండాకాలంలో అది మంచి బేరమే. చలికాలపు చీకట్లో ఒక్క పంక్చరు నలభై నిమిషాలు తింటుంది. నెలకి రెండైతే లాభమంతా సున్నా. కిటికీ దగ్గర నేను నిలబడ్డ గంట ఈ లెక్కలో వెయ్యలేదు.

"ఏమండీ, అక్టోబరు నించి మార్చి దాకా లావు టైర్లు వేసుకోండి. ఎండాకాలం మీ ఇష్టం" అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు అలిగారు. మూడో ముల్లు దిగాక ఒప్పుకున్నారు.

మీ ఇంట్లోనూ ఈ ముచ్చట మొదలైతే నేను చెప్పేదిది. ముందు గాలి ఎంతుందో చూసే గేజు ఉన్న పంపు ఒకటి కొనండి. సన్న టైరు వారానికే గాలి వదిలేస్తుంది. టైరు పక్కన అచ్చేసిన అంకె గరిష్ఠం, అంతవరకూ కొట్టమని కాదు. మరీ గట్టిగా కొడితే గతుకుల రోడ్డు మీద ఒళ్ళు కదిలిపోతుంది, దొర్లడమూ తగ్గుతుంది. అందుకే పందెగాళ్ళు కూడా 23 మిల్లీమీటర్ల టైర్లు మానేసి 28కి, ఆ పైకి వెళ్ళారు. మీ సైకిలు ఫ్రేములో పడితే మీరూ 28 వేసుకోవచ్చు. ఆ తర్వాత కూడా డబ్బు పెట్టాలనుంటే టైర్ల మీద పెట్టండి, తేడా నిజంగానే తెలుస్తుంది. అయితే మీ దారిలో ముళ్ళున్నాయా, చీకటి పడుతుందా, ఇంటి దగ్గర ఎవరైనా ఎదురుచూస్తుంటారా అన్నది కూడా చూసుకోండి.

ఇప్పుడు ఆ నూరు పౌండ్ల టైర్లు మెట్ల కింద అల్మారాలో, ఊరగాయ జాడీల పక్కన వేలాడుతున్నాయి. ప్రతి ఆదివారం రాత్రి నేను ఇడ్లీ పిండి రుబ్బి మూతపెట్టేసరికి మావాడు పంపు తెచ్చి గేజు చదువుతాడు, నా పాత సైకిలుకి కూడా. నేనూ దాన్ని తొక్కడం మొదలుపెట్టాను లెండి. లైబ్రరీకి వెళ్ళేటప్పుడు ఇంతకు ముందు వంతెన ఎక్కడానికి దిగి నడిచేదాన్ని. టైర్లు అవే, గాలి కొట్టాం, అంతే.