ముత్తాత పేరులో ఒక అక్షరం

కాలేజీ తెరిచిన మొదటిరోజున హాజరు పట్టీ చదివేటప్పుడు నాకొక అలవాటు వున్నది. ప్రతి అమ్మాయినీ "నీ పేరు సరిగా వ్రాశారా, అమ్మాయీ?" అని అడుగుతాను. దీర్ఘం పోయిందనో, ఒత్తు తప్పిందనో ఒకరిద్దరు లేచి చెబుతారు. నేను దిద్దుతాను. తెలుగు మేష్టరమ్మకు అక్షరాల పిచ్చి అని తక్కినవాళ్లు ముసిముసిగా నవ్వుకొంటారు. ఆ పిచ్చి నా ఒక్కదానికే కాదని 2025 వేసవిలో ఇటలీ దేశంలోని మిలాను నగరంలో తెలిసింది.

మా అన్నయ్య కూతురు అక్కడ ఉద్యోగం చేస్తున్నది. "సెలవులకు రా, అత్తా" అని పోరుపెడితే వెళ్లాను. వాళ్ల క్రింది వాటాలో బ్రెజిలు దేశస్థుల జంట ఒకటి వున్నది. మంచి మనుషులు. సాయంత్రం కాఫీకి పిలిచేవారు. వాళ్ల మాట నాకు రాదు, నా మాట వాళ్లకు రాదు. మా అమ్మాయే దుబాసీ.

"ఇంత దూరం ఎలా వచ్చారమ్మా?" అని ఒకనాడు ఆ ఇల్లాలిని అడిగాను. ఏదో కంపెనీ పేరు చెబుతుందనుకొన్నాను. ఆవిడ లేచి, బీరువాలోనుంచి బండెడు కాగితాలున్న ఫైలు తెచ్చి నా ముందు పెట్టి, "మా వారి ముత్తాత పిలిచాడు" అన్నది.

ఆ ముత్తాత కథ ఇది. బ్రెజిలులో బానిసత్వాన్ని 1888 మే 13వ తేదీన రద్దు చేశారు. కాఫీ తోటలకు కూలీలు కావలసి వచ్చారు. సావో పావ్లో ప్రభుత్వం ఓడ ఖర్చు తానే పెట్టుకొని యూరపు నుంచి జనాన్ని రప్పించింది. ఇటలీలో, ముఖ్యంగా వెనిస్ చుట్టుప్రక్కల వున్న వెనెతో ప్రాంతంలో, కూడు చాలని కుటుంబాలు మూటాముల్లె కట్టుకొని ఓడ ఎక్కాయి. సాంతోస్ రేవులో దిగి, రైలెక్కి సావో పావ్లోలోని వలసదారుల సత్రం చేరి, అక్కడినుంచి తోటలకు పోయేవారు. ఆ సత్రం ఇప్పుడు మ్యూజియము. తోటలలో వాళ్లు పడే పాట్లు విని, 1902లో ఇటలీ ప్రభుత్వం ఈ ఉచిత ప్రయాణాలను ఆపించింది. అప్పటికే లక్షలమంది వెళ్లిపోయారు. వాళ్లలో మన పొరుగాయన ముత్తాత ఒకడు.

ఇటలీలో పౌరసత్వం రక్తాన్ని బట్టి వస్తుంది. 1992 నాటి చట్టంలో ఇన్ని తరాలవరకే అనే హద్దు వుండేది కాదు. ముత్తాత ఇటలీవాడే అయి, తన బిడ్డ పుట్టేనాటికి బ్రెజిలు పౌరసత్వం అడిగి పుచ్చుకోకుండా వుంటే, మునిమనుమడు కూడా ఇటలీవాడే. వినడానికి ఇంతే. నిరూపించడానికి మాత్రం ఆ ఫైలు కావాలి.

ముందు ముత్తాత పుట్టిన వూరినుంచి జనన పత్రం తెప్పించాలి. వెనెతోలో ప్రభుత్వపు లెక్క 1871లో మొదలయింది. అంతకుముందు పుట్టినవారికి చర్చిలోని జ్ఞానస్నానపు పుస్తకమే దిక్కు. తరువాత ముత్తాత మొదలు తన దాకా ప్రతి తరానికీ పుట్టుక, పెళ్లి, చనిపోయినవారికి చావు పత్రాలు. ఆపైన, ఈ ముత్తాత బ్రెజిలు పౌరసత్వం తీసుకోలేదని అక్కడి న్యాయశాఖ ఇచ్చే పత్రం. అన్నిటినీ ప్రమాణం చేసిన అనువాదకుని చేత ఇటలీ భాషలో వ్రాయించాలి. వాటిపైన అపోస్తీల్ అనే ముద్ర పడాలి. అది వుంటేనే ఒక దేశపు కాగితాన్ని మరొక దేశం నమ్ముతుంది. బ్రెజిలులో 2016 ఆగస్టు 14 నుంచి ఆ ముద్రను కార్టోరియోలనే రిజిస్ట్రీ కచేరీలే వేస్తున్నాయి.

"ఇవన్నీ ఓపికతో వచ్చేవే. మా ప్రాణం తీసింది ఇదీ" అని ఆవిడ ఒక కాగితం చూపింది. ముత్తాత పేరు జుసెప్పే. తోట దగ్గరి గుమాస్తాకు ఆ పేరు నోరు తిరగలేదు కాబోలు, జొజే అని వ్రాసుకొన్నాడు. ఇంటిపేరులోని జంట అక్షరం పెళ్లినాటికి ఒంటి అక్షరమయింది. తాత పుట్టుక కాగితంలో చివరి అచ్చు మారింది. చావు కాగితంలో వయస్సు రెండేళ్లు తగ్గింది. ముత్తాత చదువుకొన్నవాడు కాడు. ఏం వ్రాశారో ఆయన చూడలేదు, ఎవరూ చూపలేదు. న్యాయశాఖవారి పత్రంలో ఈ రూపాలన్నిటినీ చేర్చవలసి వచ్చింది. ఒకే మనిషికి వరుసగా ఐదు పేర్లు! చిన్న తప్పులను కార్టోరియోలోనే దిద్దారు. పెద్దవాటికి కోర్టుకు ఎక్కారు. నుదుటి వ్రాత సంగతి నాకు తెలియదు గాని, గుమాస్తా వ్రాత మాత్రం నాలుగు తరాలు వెంటాడిందన్నమాట.

అన్నీ సిద్ధమైనా బ్రెజిలులోని ఇటలీ కాన్సులేటు వరుసలో పదేళ్లు కూర్చోవాలి. అందుకని ఉన్నదంతా ఊడ్చుకొని ఇటలీకే వచ్చి, ఒక చిన్న వూళ్లో ఇల్లు అద్దెకు తీసుకొని, అక్కడి పురపాలక కచేరీలో దరఖాస్తు పెట్టుకొన్నారు. నిజంగా కాపురం వుంటున్నారా లేదా అని మునిసిపల్ జవాను వచ్చి చూసిపోయాడట. 2023లో ఆయన ఇటలీ పౌరుడని తేలింది.

"మరి నీ సంగతేమిటమ్మా?" అన్నాను.

"మా ముత్తవ్వ కూడా ఇటలీ నుంచి వచ్చిందే. కాని ఆడది" అని నవ్వింది.

నాకు అర్థం కాలేదు. మా అమ్మాయి విడమరిచి చెప్పింది. 1948 జనవరి 1న ఇటలీ కొత్త రాజ్యాంగం అమలులోకి వచ్చేదాకా, తల్లి తన పౌరసత్వాన్ని బిడ్డకు ఇవ్వడమనేది లేదు. అంతకుముందు పుట్టిన బిడ్డకు తల్లి పేరున హక్కు కావాలంటే కచేరీలో కాగితం పుచ్చుకోరు, కోర్టుకు పోవాలి. 2009లో అక్కడి పెద్దకోర్టు ఇచ్చిన తీర్పుతోనే ఆ త్రోవ గట్టిపడింది. రెండు ఖర్చులు భరించలేక ఈవిడ ఆ ఊసే మానుకొని, భర్త వెంట భార్యగా అనుమతి తీసుకొన్నది.

ఇంతవరకు నేను కథలాగే విన్నాను. ఇంతలో ఫోను మ్రోగింది. ఆయన చెల్లెలు, బ్రెజిలు నుంచి. ఆయన ప్రక్క గదిలోకి వెళ్లి చాలాసేపు మాట్లాడాడు.

ఆ చెల్లెలు నర్సు. అన్న బయలుదేరిన యేడే తల్లికి పక్షవాతం వచ్చింది. "ముందు నువ్వు వెళ్లు. కాగితాలు ఒకటే గదా, అమ్మ కోలుకొన్నాక నేనూ పెడతాను" అన్నదట. మాట నిజమే. తన పుట్టుక, పెళ్లి పత్రాలు తప్ప తక్కిన ఫైలంతా ఒకటే. కాని 2025 మార్చి 28న ఇటలీ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. మే నెలలో అది చట్టమయింది. మార్చి 27 అర్ధరాత్రిలోగా దరఖాస్తు పెట్టినవారికి పాత పద్ధతి. ఆ తరువాత వచ్చేవారికి తల్లిదండ్రులలోనో, తాతబామ్మలలోనో ఒకరు కేవలం ఇటలీ పౌరులై వుండాలి. ముత్తాత చాలడు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే ఫైలు పట్టుకొన్న ఇద్దరిలో అన్న ఇటలీవాడు, చెల్లెలు కాదు.

ఇటలీవారిని పూర్తిగా తప్పుపట్టలేము. వెనిస్ కోర్టులో బ్రెజిలువారి దావాలు గుట్టలు పడ్డాయి. చిన్న వూళ్ల గుమాస్తాలకు వేరే పని సాగలేదు. దేశంతో ఏదో ఒక బంధం వుండాలి గదా అన్నది వాళ్ల మాట. కాని తల్లి మంచం ప్రక్కన కూర్చొన్నందుకు చెల్లెలు గడువు దాటిపోయింది.

ఆవిడ ఇప్పుడు వేరే త్రోవలు చూస్తున్నదట. పోర్చుగల్‌లో భాష ఒకటే. అయితే చూడవచ్చినవారిలా దిగి, పని దొరికాక అనుమతి అడిగే వీలును 2024 జూన్ 3న ఎత్తివేశారు. ఇప్పుడు ఇంట్లో వుండగానే వీసా తీసుకోవాలి. నేరచరిత్ర లేదని పోలీసు పత్రం, బ్రతకడానికి ఆధారం, తలదాచుకోవడానికి చోటు చూపాలి. నర్సు పట్టాకు వేరే గుర్తింపు. అర్జెంటీనా, ఉరుగ్వేలకైతే 2009లో అమలైన ఒప్పందం వుంది. గుర్తింపు కాగితం, పోలీసు పత్రం వుంటే రెండేళ్ల నివాసానికి అనుమతి ఇస్తారు. అయితే ఆవిడకు అన్న దగ్గరికి రావాలని వుంది.

ఆయన తిరిగి వచ్చి కూర్చొని, చెల్లెలు అన్న మాట చెప్పాడు: "అమ్మకు మందులు వేళ తప్పకుండా ఇచ్చాను, అన్నయ్యా. ఆ కాగితం ఎవరూ అడగడం లేదు."

ఎవరమూ మాట్లాడలేదు. కాసేపటికి ఆ ఇల్లాలే కాఫీ పోస్తూ, "మీ ముత్తాత పేరు మీకు తెలుసా?" అని నన్ను అడిగింది. తెలియకేం! ఇంటిపేరు, గోత్రంతో సహా గడగడా అప్పగించాను. "ముత్తవ్వ పేరు?" అన్నది.

నోట మాట రాలేదు. పాతికేళ్లుగా పిల్లల పేర్లలో దీర్ఘాలు దిద్దుతున్నాను. మా ముత్తవ్వ పేరే నాకు తెలియదు.

తిరిగి వచ్చిన వారంలోనే మా మేనత్త దగ్గరికి వెళ్లాను. ఆవిడకు ఎనభై దాటాయి. పేరు చెప్పింది, పుట్టిన వూరు చెప్పింది. నోటి మాట నీటి మూట కదా అని అక్కడే కూర్చొని, ఒక్కొక్క అక్షరం ఆవిడకు చదివి వినిపిస్తూ కాగితం మీద వ్రాసుకొన్నాను. మీ ఇంట్లో పెట్టె అడుగున వున్న పత్రాలను కూడా ఈ ఆదివారం ఒకసారి బయటికి తీసి, పేర్లు సరిచూడండి. అడిగితే చెప్పగల పెద్దవారు ఇంట్లో వుండగానే చూడండి.