ఉత్తరం హద్దు: వాగు

జనం ఎక్కువైపోయారండీ, ఎవరు మాత్రం ఏం చేస్తారు? 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తీశాక విజయవాడలో టీ కొట్టు దగ్గర, బ్యాంకు క్యూలో, పెళ్లి భోజనాల దగ్గర కూడా ఇదే మాట. అన్నది సింగ్‌నగర్‌లో మునిగినవాళ్లు కాదు. తడిసిన పరుపులు మేడ మీద ఆరేసుకోవడానికీ, బండి ఇంజిన్లో బురద తీయించుకోవడానికీ వాళ్లకు పొద్దు చాల్లేదు. అన్నది మనం. గడప దాకా నీళ్లు రానివాళ్లం.

ఆ మాటలో ఒక సుఖం ఉంది. జనం అంటే ఎప్పుడూ అవతలివాళ్లే. మనకున్నది ఇద్దరే పిల్లలు, ఆ ఇద్దరూ డాలస్‌లోనో బెంగళూరులోనో ఉన్నారు. ఇక ఈ ఊరి మీద మన భారం ఏముంది?

లెక్క తీస్తే ఆ సుఖం నిలవదు. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.8కి దిగారు. జనాభా పెరక్కుండా తరక్కుండా నిలవాలంటే 2.1 కావాలి. 2019–21 సర్వేలో ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. ముందుతరంలో పుట్టినవాళ్లు ఎదిగి పెళ్లిళ్లు చేసుకుని ఇళ్లు కట్టుకుంటారు కాబట్టి పెరుగుదల వెంటనే ఆగదు, అదీ నిజమే. 2001లో 7.6 కోట్లున్నవాళ్లం 2011కు 8.46 కోట్లయ్యాం. పదేళ్లలో నూటికి పదకొండు. కొల్లేట్లో చేపల చెరువులూ, బుడమేరు పక్కన వెంచర్లూ నూటికి పదకొండు చొప్పునే పెరిగాయని మన బ్రోకర్లను ఒక్కరిని అనమనండి చూద్దాం. పిల్లలు తగ్గుతున్న సంవత్సరాల్లోనే వాగులు పోయాయి.

ఆ తగ్గించిన ఘనత కూడా మనింటి మగవాళ్లది కాదు. ఆంధ్రలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది కడుపు కోయించుకుని ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా తేలరు. ఇద్దరికి మించి కన్నవాళ్లు సర్పంచిగా నిలబడకూడదని 1990లలో చట్టం తెచ్చుకున్నాం. వరద వచ్చిన ఏడాదే, నవంబరులో, దాన్ని అసెంబ్లీలో ఎత్తేశారు. ఇప్పుడు కనమంటున్నారు. వద్దన్నప్పుడూ కనమన్నప్పుడూ మాట ఆడవాళ్ల మీదికే పోయింది, మన స్థలాల మీదికి ఒక్కసారీ రాలేదు.

బుడమేరు దారి ఒకసారి గుర్తు చేసుకుందాం. మైలవరం వైపు కొండల్లో మొదలై వెలగలేరు రెగ్యులేటర్ దాకా వస్తుంది. అక్కణ్ణుంచి ఒక దారి మళ్లింపు కాలువలో కృష్ణకు పోతుంది. రెండోది, అసలుది, విజయవాడ అంచున తిరిగి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింది సొరంగంలోంచి దూరి, కొల్లేటికి పోతుంది. కొల్లేటి నుంచి ఉప్పుటేరు పట్టుకుని సముద్రానికి. 2024 సెప్టెంబరు ఒకటిన మళ్లింపు కాలువ మోయలేక గండ్లు పడ్డాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటే ఊపులో ఉంది, ఇంకొకరి నీళ్లు తీసుకునే స్థితిలో లేదు. మిగిలింది పాతదారి. ఆ దారిలో మనం కాపురాలు పెట్టి ఉన్నాం.

ఎలా పెట్టామో చెప్పడానికి ఒక స్థలం కాగితాలు చాలు. మొదటి దస్తావేజులో నాలుగు హద్దులూ పద్ధతిగా ఉన్నాయి. ఉత్తరం: వాగు. కొన్నాళ్లకు చేతులు మారినప్పుడు అదే స్థలానికి ఉత్తరం: వాగు కట్ట మీది దారి. మూడో అమ్మకంలో ఉత్తరం: 30 అడుగుల రోడ్డు. స్థలం అంగుళం కదల్లేదు. మూడింటి మీదా సాక్షి సంతకాలున్నాయి, రాసినవాడి సంతకం ఉంది, స్టాంపు డ్యూటీ కట్టిన రసీదు ఉంది. దొంగతనంగా రాత్రికి రాత్రి జరిగిందేమీ లేదు. మధ్యాహ్నం పన్నెండింటికి, రాహుకాలం చూసుకుని మరీ చేశాం.

ప్లాటు కొనడానికి పోయినప్పుడు మనం ఏం అడుగుతాం? తూర్పు ఫేసింగా కాదా, ఈశాన్యం పెరిగిందా లేదా, హైవేకు ఎంత దూరం. సిద్ధాంతిగారిని కారెక్కించుకుని తీసుకెళతాం. ఈశాన్యాన నీళ్లుండాలని ఆయన చెబితే అక్కడ సంపు తవ్విస్తాం. ఆ మూలనే పారే వాగును పూడ్చినందుకు మాత్రం ఆయనకూ అభ్యంతరం ఉండదు. గ్రామ పటం తీయించి, పక్క సర్వే నంబరు వాగు పోరంబోకో కాదో చూసినవాళ్లు మన బంధువుల్లో ఎంతమంది? చూసినవాళ్లు కూడా, స్థలానికి ఎల్ఆర్ఎస్, ఇంటికి బీపీఎస్ లాంటి క్రమబద్ధీకరణ పథకాలు రేపోమాపో రాకపోవు లెమ్మని బయానా ఇచ్చినవాళ్లే. తప్పు చేసి జరిమానా కట్టడం మనకు పెట్టుబడిలో భాగమైపోయింది.

ఆ ప్లాట్లలో సగం ఖాళీ, తుమ్మ మొలిచి. అద్దె ఇంట్లో ఒక గదిలో ఐదుగురుండే కుటుంబం బుడమేరు కట్ట మీద రేకుల షెడ్డు వేసుకుంటే ఆక్రమణ. అమెరికాలో ఉన్న అబ్బాయి పేర మూడోది, కూతురి పేర నాలుగోది కొంటే ముందుచూపు. జనం ఎక్కువయ్యారనేటప్పుడు మన వేలు ఆ రేకుల షెడ్డు వైపే చూపిస్తుంది.

ఇక కొల్లేరు. కైకలూరు దాటాక గట్టు మీద నిలబడితే పొద్దున్నే ఒక పని కనిపిస్తుంది. పడవలో తవుడు బస్తాలు వేసుకుని ఒకతను చెరువు మధ్యకు పోతాడు. అడుగున చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ సంచుల్లో తవుడూ చెక్కా నింపి వెదురు గెడలకు కడతాడు. కట్టిన కాసేపటికే సంచులు ఊగడం మొదలవుతుంది. కట్ల, శీలావతి కిందినుంచి వచ్చి పొడుస్తుంటాయి, చిల్లుల్లోంచి మేత రాలుతుంటుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ చెరువు చుట్టూ గట్టు, దానికి ఆనుకుని ఇంకో గట్టు, చూపు ఆనినంత దూరం గట్లే. పైనుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్లు పరుచుకోవలసిన చోటు అది. కృష్ణ డెల్టాకూ గోదావరి డెల్టాకూ మధ్య వరదను కొన్నాళ్లు కడుపులో పెట్టుకుని మెల్లగా ఉప్పుటేటికి వదిలే పల్లం. దానికిప్పుడు కడుపే లేదు.

ఇంగిలాయి, మట్టగిడస, కొరమేను వలకు పడిన నీళ్లు, లంక ఊళ్లవాళ్లు కుండల్లో ముంచుకుని తాగిన నీళ్లు అవి. ఇప్పుడు అదే ఊళ్లలో తాగడానికి టిన్ను కొంటున్నారు. చెరువులు మొదట 1970లలో ప్రభుత్వమే మత్స్యకార సంఘాల పేర తవ్వించింది, పేదవాళ్లు బాగుపడతారని. బాగుపడింది లీజులు. పేరు సంఘానిది, డబ్బు పట్నానిది. డాక్టర్లు, లాయర్లు, కాంట్రాక్టర్లు, దేశం దాటి వెళ్లినవాళ్లు, తలా ఇంత వాటా వేసుకున్నారు. ఐసు పెట్టెల్లో చేప కోల్‌కతాకూ గౌహతికీ పోయింది, వాటా మన ఖాతాలో పడింది. అది కొల్లేటి నుంచి వచ్చిన డబ్బని కొందరికి గుర్తు కూడా లేదు.

మనకు తెలియక కాదు. 1999లో ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమని ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది, పేపర్లలో చదివి గర్వపడ్డాం. 2006లో సుప్రీంకోర్టు మాటతో గట్లు పేల్చారు. ఆ ఊళ్లలో కూలి పోయినవాళ్ల ఏడుపు నిజమైనది, వాళ్లకు బతుకుదారి చూపించమని మనం ఎవరం అడగలేదు. అడగకపోబట్టే వాళ్లను ముందు నిలబెట్టి, వెనక నుంచి వాటాదార్లు మళ్లీ గట్లు వేసుకున్నారు. ఐదో కాంటూరును మూడుకు కుదించాలని 2008లో అసెంబ్లీ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఐదే ఉండాలంది. ఆ నివేదికను మన నియోజకవర్గంలో ఏ సభలోనైనా ఎవరైనా చదివారా? ఎన్నికలకు ఎన్నికలకూ వచ్చే మాట మూడో కాంటూరే, మనం చప్పట్లు కొట్టిందీ దానికే.

మనం చేతులు ముడుచుకు కూర్చున్నామనడం అన్యాయం. గుడ్డ సంచి పట్టుకుని రైతు బజారుకు పోతున్నాం. జూన్ ఐదున మొక్క నాటి ఫొటో దిగాం. వరదలో పులిహోర పొట్లాలు కట్టి పడవల్లో పంపాం, ఆ రాత్రుళ్లు వంటశాలల్లో నిద్ర లేకుండా పనిచేసినవాళ్ల మంచితనాన్ని నేను తక్కువ చేయను. కానీ ఇవన్నీ మన ఆస్తిలో గజం తగ్గని పనులు. గజం తగ్గే పని ఏదీ మన జాబితాలో చేరలేదు. వాగు పోరంబోకు పక్క ప్లాటును చవగ్గా వస్తున్నా వద్దనడం, కొల్లేటి లీజు వాటా వెనక్కి ఇచ్చేయడం, అభయారణ్యంలో చిక్కిన చిన్న రైతు జిరాయితీ భూమికి మన పన్నుల్లోంచి పరిహారం ఇమ్మని అతని పక్షాన మనమే అడగడం, బుడమేరు వెడల్పు చేసే మార్కింగులో మన ప్రహరీ పడితే స్టే కోసం హైకోర్టుకు పరిగెత్తకపోవడం. సామాన్యుడు ఏం చేయగలడని అడుగుతుంటాం కదా, సామాన్యుడి చేతిలో ఉన్నవే ఇవన్నీ. కష్టం తెలియకపోవడంలో లేదు, రేటు పడిపోవడంలో ఉంది.

మా అపార్ట్‌మెంటు ముందు పక్క కాలువ మీద కారు ఎక్కడానికి సిమెంటు ర్యాంపు వేశాం. పక్కవాళ్లూ వేశారు, వీధి పొడుగునా అంతే. కాలువ ఎక్కడ పూడిందో కనిపించదు, పూడిక తీసే మనిషి చెయ్యి దూరదు. అది తీసేసి, పైకెత్తడానికి వీలయ్యే ఇనుప జాలీ పెట్టుకుందామని అసోసియేషన్ మీటింగులో ఒకాయన లేచి అన్నాడు. ఖర్చు ఎవరిదన్నారు కొందరు, ముందు పక్కవాళ్లను తీయమనండి అన్నారు ఇంకొందరు. నేను మాట్లాడలేదు, నా కారు ఆ ర్యాంపు చివర్నే ఉంటుంది. దసరా తర్వాత చూద్దామని మినిట్స్‌లో రాసి, లిఫ్టు రిపేరు సంగతికి వెళ్లిపోయాం.