ఫ్రెంచి పట్టిక, ఇంగ్లీషు అనువాదం, తెలుగు రోగి

మా గౌలిగూడలోనే ఉండే ఒక అమ్మాయి ఈ మధ్య నా వద్దకు ఒక కాగితాల కట్టతో వచ్చింది. ఫ్రెంచిలో ఎం.ఎ. చేసి, ఒక అనువాద సంస్థకు పుటకింత అని కూలి తీసుకొని పని చేస్తోంది. ఆ కట్ట ఒక మందు పరీక్షల నివేదిక. మూలంలోని పట్టికలో ఒక వరుసకు 'ఎఫెక్తిఫ్' అని శీర్షిక ఉంది. యంత్రం చేసిన తొలి అనువాదంలో అది 'ఎఫెక్టివ్' అయి కూర్చుంది. చదివినవారికి మందు అంతమందికి పనిచేసిందనే తోస్తుంది. గణాంక పట్టికలో ఆ ఫ్రెంచి మాటకు అర్థం, ఆ వర్గంలో లెక్కలోకి వచ్చినవారి సంఖ్య అని మాత్రమే. అంటే, పరీక్షలో చేరినవారంతా బాగుపడినట్లే లెక్క!

అమ్మాయి అనుమానపడి పైవారిని అడిగింది. "తిరుగు అనువాదంలో సరిపోయింది, ఇక నీకెందుకు?" అన్నారట. నా పోట్లాట ఆ జవాబుతోనే.

తిరుగు అనువాదమంటే, ఇంగ్లీషులోకి మార్చినదాన్ని మరొకరిచేత మళ్లీ ఫ్రెంచిలోకి మార్పించి, రెండు ఫ్రెంచి ప్రతులనూ పోల్చి చూడడం. కథలకూ ఉత్తరాలకూ అది మంచి పరీక్షే కావచ్చు. గణాంక పదాల విషయంలో మాత్రం అది కళ్లు మూసుకొని వేసే ముద్ర. 'ఎఫెక్టివ్'ను మాటకు మాటగా వెనక్కు తిప్పితే 'ఎఫెక్తిఫ్' అనే వస్తుంది. వెళ్లిన దారినే తిరిగి వచ్చాడు కనుక దొంగ కాడని తీర్పు చెప్పినట్లుంటుంది.

హైదరాబాదుకు ఫ్రెంచితో పనేమిటని కొందరు అడగవచ్చు. మన మందులు ఫ్రెంచి వాడే ఆఫ్రికా దేశాలకు పోతున్నాయి. 1993లో వరప్రసాద్ రెడ్డిగారు ఇక్కడ స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 2009లో ఫ్రాన్సుకు చెందిన సనోఫీ చేతికి వెళ్లింది. నేను చెబుతున్న పొరపాటుకూ ఈ సంస్థలకూ ఏ సంబంధమూ లేదు. ఫ్రెంచి కాగితాలు ఈ ఊరికి ఎందుకు వస్తాయో చెప్పడమే నా ఉద్దేశం.

ఇటువంటి మాటలు ఇంకా ఉన్నాయి. అసలు మందు ఇవ్వకుండా పోలిక కోసం ఉంచిన వర్గాన్ని ఫ్రెంచివారు 'తెమ్వాఁ' అంటారు. నిఘంటువు చూస్తే 'సాక్షి'. సాక్షుల వర్గమని రాసినా తిరుగు అనువాదంలో ఢోకా ఉండదు. 'ఎవాఁత్యుయెల్' అంటే రావచ్చు, రాకపోవచ్చు అని. దాన్ని 'ఈవెంచువల్' అని రాస్తే, వచ్చినా రాకపోయినా ఫరవాలేని దుష్ఫలితం చివరికి వచ్చి తీరేదిగా మారుతుంది. దశాంశానికి వారు చుక్క బదులు కామా పెడతారు. వారి 1,250 మిల్లీగ్రాములు ఒకటింబావు మిల్లీగ్రాము. మన కంటికి పన్నెండువందల యాభై. వెయ్యి రెట్ల తేడా, తిరుగు అనువాదంలో కామా కామాగానే క్షేమంగా వెనక్కు చేరుతుంది.

నన్ను అన్నిటికంటె బాధించేది 'ఫ్రేకాఁ'. ఐరోపా మందుల పత్రాల్లో దుష్ఫలితాలను చెప్పడానికి నిర్ణీతమైన కొలబద్ద ఉంది. నూటికి ఒకరు మొదలు పదిమందిలోపు వరకు వస్తే అది 'ఫ్రేకాఁ'. దానికి ఇంగ్లీషులో స్థిరపడిన మాట 'కామన్'. పదిమందికి ఒకరు, లేదా అంతకు మించితే దాని పై మెట్టు. వెయ్యికి ఒకరు మొదలు పదిమందిలోపు అయితే కింది మెట్టు. ఇవి వర్ణనలు కావు, కొలతలు. ఎవరో దాన్ని 'ఫ్రీక్వెంట్' అని రాస్తారు, తెలుగులోకి వచ్చేసరికి అది 'తరచుగా' అవుతుంది. తరచుగా అంటే మన ఇళ్లలో మాటిమాటికీ అని అర్థం. నూరుమందిలో తొంభైమందికి పైగా ఆ బాధ ఎరుగకనే మందు మింగుతారన్న సంగతి ఆ ఒక్క మాటలో మునిగిపోతుంది. డబ్బాలోని కాగితం చదివి భయపడి రక్తపోటు మాత్రలు మానుకొని, చివరికి పక్షవాతంతో ఆసుపత్రికి వచ్చినవారిని నా ఉద్యోగకాలంలో చూశాను. వారిని తిట్టేవాణ్ణి. కాగితాన్ని తిట్టవలసిందని ఇప్పుడనిపిస్తుంది.

మాట సరిగా ఉన్నా లెక్క తెలియకపోతే అదే గతి. మన భారత్ బయోటెక్ వారి కోవాక్సిన్ మూడవ దశ పరీక్షలో సామర్థ్యం 77.8 శాతమని 2021లో ప్రకటించారు. అయితే టీకా వేసుకొన్న నూరుమందిలో ఇరవై రెండుమందికి జబ్బు వస్తుందా అని చదువుకొన్నవారే నన్ను అడిగారు. అలా కాదు. విశ్లేషణలో ఒక్కొక్క వర్గంలో దాదాపు ఎనిమిదిన్నర వేలమంది. టీకా వర్గంలో 24 మందికి, రెండవ వర్గంలో 106 మందికి జబ్బు వచ్చింది. ఆ రెండింటి మధ్య తగ్గుదలే ఆ శాతం. ఈ పోలిక తెలియని అనువాదకునికి ఫ్రెంచి 'ఎఫికాసితే' మరీ చిక్కు. పరీక్షలో తేలిన ఫలితాన్నీ జనంలో కనిపించిన ఫలితాన్నీ ఇంగ్లీషు రెండు మాటలుగా విడదీస్తుంది. ఫ్రెంచి తరచు ఒక్కదానితోనే సరిపెడుతుంది. ఏది రాయాలో నిఘంటువు చెప్పదు, పట్టిక చెబుతుంది.

ఇంత రాద్ధాంతమెందుకు, డాక్టర్లు చూసుకోరా అంటారు. డాక్టరు చూసేది ఇంగ్లీషు ప్రతినే, మూలాన్ని కాదు. ఎదురు దిక్కున ఏమైందో చూడండి. 2004, 2005 సంవత్సరాల్లో ఫ్రాన్సులోని ఎపినాల్ ఆసుపత్రిలో ఇరవైమందికి పైగా ప్రోస్టేటు క్యాన్సరు రోగులు మితిమీరిన రేడియేషనుకు గురయ్యారు, కొందరు మరణించారు. మోతాదు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషులో ఉండడం, దానికి ఫ్రెంచిలో వాడుక పుస్తకం లేకపోవడం కారణాల్లో ఒకటని విచారణలో తేలింది. అక్కడి సిబ్బంది చదువులేనివారా?

మా ఇంటికి కూతవేటు దూరంలో, కోఠిలో, ఉస్మానియా వైద్య కళాశాల ఉంది. ఒకనాడు అక్కడ వైద్యం ఉర్దూలో చెప్పారు. అందుకు వెనుక 1917లో ఏర్పడిన అనువాద శాఖ ఉండేది. ఒక్కొక్క శాస్త్ర పదం కోసం ఆ శాస్త్రం తెలిసినవారూ భాష తెలిసినవారూ ఒకచోట కూర్చొని వాదించుకొనేవారు. వందేళ్ల నాటి పద్ధతి అది. ఈనాడు పుటకింత కూలి, పైన యంత్రం.

నేను కోరేది పెద్ద సంస్కరణేమీ కాదు. అనువాదం మీద సంతకం పెట్టేవారు పట్టికలోని ఒక్క వరుసనైనా తమ చేతితో తిరిగి లెక్కగట్టాలి. లెక్క తెలియకపోతే తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకోవాలి, వారికీ కూలి ఇవ్వాలి. 'ఎఫెక్తిఫ్' సంఖ్యలన్నీ కూడితే పరీక్షలో చేరినవారి మొత్తం వస్తుంది. ఆ కూడిక చేసినవారెవరూ దాన్ని 'ఎఫెక్టివ్' అని రాయలేరు.

ఆ సాయంత్రం నేనూ ఆ అమ్మాయీ అదే చేశాం. కూడిక సరిగ్గా సరిపోయింది. ఆమె ఆ గడిలో 'చేరినవారి సంఖ్య' అని ఇంగ్లీషులో దిద్ది పంపింది. ఆ పుటకు పాత కూలే ఇచ్చారు.