గుండీకి కూడా దర్జీయేనా?

పిల్లలూ! హుస్నాబాద్‌లో ఒక అమ్మాయి తన తరగతి హాజరు పట్టీని కంప్యూటరు చేత అచ్చు వేయించాలనుకున్నదనుకోండి. రోల్ నంబరు 7 అయితే 007 అని పడాలి. పక్కన పేరు తెలుగులో రావాలి.

"రెండింటికీ లైబ్రరీలున్నాయి, తెచ్చి వాడుకో," అన్నాడు అన్న.

"అన్నీ తెచ్చుకుంటే నేను చేసేదేముంది? అంతా నేనే రాస్తాను," అన్నది చెల్లెలు. ఎవరి మాట సరైనది?

ఇక్కడ లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు. ఒక పని ఎలా చేయాలో కంప్యూటరుకు చెప్పే ఆజ్ఞలను ఎవరో ముందే రాసి, అందరి కోసం ఉంచిన మూట.

ముందు సున్నాల సంగతి చూద్దాం. సరిగ్గా ఆ పనికే లెఫ్ట్‌ప్యాడ్ అనే లైబ్రరీ ఉన్నది. అది మొత్తం 11 పంక్తులే! అయినా వేలాది ప్రోగ్రాములు దానిమీద ఆధారపడ్డాయి. 2016 మార్చిలో ఒక తగాదా వచ్చి, రాసినాయన దానిని తీసివేశాడు. అంతే! ఎన్నో దేశాలలో ప్రోగ్రాములు తయారుచేసే పని కాసేపు ఆగిపోయింది. ఊడిన గుండీకి కూడా దర్జీని నమ్ముకుంటే, ఆయన కొట్టు మూసిన రోజున గుండీ లేకుండానే బడికి పోవాలి!

మరి తెలుగు పేరు? "జ్ఞా" అని చూపాలంటే ఏ ఒత్తు ఎక్కడ, ఎంత కింద పడాలో లెక్క కట్టాలి. అది నిపుణులు ఏళ్ల తరబడి చేసిన పని. వాళ్లూ పొరబడవచ్చు. 2018 ఫిబ్రవరిలో, కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసిన "జ్ఞా" సందేశంలో వస్తే చాలు, ఐఫోనులలో యాప్‌లు ఠపీమని మూతపడ్డాయి. అక్షరాలు గీసే లైబ్రరీ ఎన్నో యాప్‌లకు ఒకటే కనుక దెబ్బ చాలావాటికి తగిలింది. కాని ఆపిల్ సంస్థ ఆ ఒక్కచోట సరిదిద్ది, ఆ నెల 19న కొత్త కూర్పు విడుదల చేసింది. దానిని వేసుకున్న ఫోన్లలో యాప్‌లన్నీ బాగుపడ్డాయి. ఎవరికి వారే రాసుకుని ఉంటే, ఎన్ని చోట్ల దిద్దవలసి వచ్చేది!

కనుక సున్నాలు చేర్చే నాలుగు పంక్తులూ చెల్లెలే రాసుకోవాలి. తెలుగు అక్షరాల పని అరువు తెచ్చుకోవాలి. తెచ్చేముందు మాత్రం, ఆ లైబ్రరీని ఎవరు చూసుకుంటున్నారు, తప్పులు వెంటనే దిద్దుతున్నారా అని విచారించాలి.

ఇప్పుడు మీకొక పని. 7, 42, 100 — వీటిని మూడంకెలుగా చూపడానికి ఒక్కొక్కదానికి ఎన్ని సున్నాలు చేర్చాలి? ఆ నియమాన్ని మీ మాటలలో రాయండి. లెఫ్ట్‌ప్యాడ్ చేసే పని మీ చేతికి వచ్చినట్టే!